ఎడమచేతి కొడవలి

మా మేనగోడలు చెయ్యి తెగ్గోసుకున్న రోజు నేను మొదట చేసిన పని జోకెయ్యడం. ఇంట్లో ఎవరికైనా ఏదైనా అయితే అమ్మ ఏడుస్తుంది, నాన్న చొక్కా వెతుక్కుంటాడు, నేను జోకేస్తాను. మా ముగ్గురివల్లా దెబ్బ తగిలినవాళ్ళకి ఒరిగేదేమీ లేదు గానీ, నా దానికి చప్పుడు తక్కువ.

"వేలు ఉంది కదా, ఇంకేటి," అన్నాను, పసుపు అద్ది పాత పంచె ముక్క చుడుతూ. "పోయినదైతే వెతకాలి. ఉన్నదానికి కంగారెందుకు?"

ఆ గుంటకి తొమ్మిదేళ్ళు. అసలు కంగారు పడలేదు. నా చేతులకేసి కాసేపు చూసి, "మావయ్యా, నువ్వు కూకో. వణికిపోతన్నావు," అంది.

డెబ్బయ్యో దశకం మొదటి సంవత్సరాల సంగతి ఇది. నేను డిగ్రీలో ఒక్క పేపరు దగ్గర ఆగిపోయి చోడవరంలో ఇంటిపట్టున ఉన్నాను. మా అక్క విశాఖపట్నంలో ఉండేది. బావకి షిఫ్టు డ్యూటీలు. అక్కకి రెండో కాన్పు, మంచం దిగొద్దన్నారు డాక్టరు గారు, మనసుకి కష్టం కలిగించే మాటేదీ చెవిన వెయ్యొద్దన్నారు. అంచేత గుంటని ఆ ఏడాది మా దగ్గర బడిలో వేసేం. పిల్లని తీసుకురావడానికి వెళ్ళిన రోజు అక్క పడుకునే నా చెయ్యి పట్టుకుని, "దీన్ని నీ చేతిలో పెడతన్నానురా," అంది. నేను ఊరుకోవచ్చు కదా. "రసీదు కావాలా?" అన్నాను. ఆ గుడ్డ చుడుతున్నప్పుడు ఆ రసీదు గుర్తొచ్చింది.

ప్రతి శనివారం అక్కకి కార్డు రాయడం నా పని. ఆ వారం "ఇక్కడ అందరం క్షేమం" అని మొదలెట్టి, "అందరం" దగ్గర కలం ఆపేసేను. బొటనవేలు మొదట్లో అంగుళం తెగితే క్షేమంలోకి వస్తుందా రాదా అని నాలో నేనే వాదించుకుని, చివరికి "గుంట బాగా తింటోంది" అని రాసేను. అది నిజమే. తెగింది ఎడమ చెయ్యి కాబట్టి తినడానికి ఇబ్బంది లేదు.

ఇక్కడో సంగతి చెప్పాలి. ఈ గుంటది పుట్టుకతో ఎడమచేతి వాటం. వచ్చిన కొత్తలో ఎడమచేత్తో కంచంలో చెయ్యి పెడితే అమ్మకి గుండె ఆగినంత పనైంది. అన్నం ఎడమచేత్తో తినకూడదు, వస్తువు ఎడమచేత్తో ఇవ్వకూడదు, పెద్దవాళ్ళ ముందు ఎడమచెయ్యి ముందుకి రాకూడదు. అమ్మ కొట్టలేదు, తిట్టలేదు. "సెయ్యి మార్సు" అని ఒక్క మాట, రోజుకి వంద సార్లు. నెల తిరిగేసరికి పిల్ల అన్నీ కుడిచేత్తోనే చేస్తోందని వీధంతా చెప్పుకుంది. మేమూ నమ్మేం.

ఇంతకీ కత్తి దాని చేతికెలా వచ్చిందంటే, మా వీధి ఆడపిల్లలు బడికి ముందు చెరుకుతోట గట్లమీదకి దూడలకి గడ్డి కోయడానికి వెళ్తారు. పట్నం నుంచి వచ్చిన గుంటకి అది విమానం ఎక్కినంత గొప్పగా కనిపించింది. చూరులో దోపిన అమ్మ కొడవలిని బల్లెక్కి తీసుకుని, చెప్పకుండా వాళ్ళ వెనకాలే పోయింది. దాని మోచేతి నుంచి వేళ్ళ చివరిదాకా ఎంతో, ఆ కొడవలి అంతుంటుంది.

గాయం మానుతుండగానే చూరులో కొడవలి మళ్ళీ ఒక జానెడు పక్కకి జరిగి ఉండడం నాన్న చూసేడు. ఇంట్లో పంచాయితీ అయింది. కొడవళ్ళన్నీ పెట్టెలో పెట్టి తాళం వేద్దామని నాన్న. పిల్లని కూడా అందులోనే పెడితే నిశ్చింత కదా అని నేను. అమ్మ ఇద్దర్నీ పట్టించుకోలేదు.

"దాసినంతకాలం ఎతుకుద్ది. ఎతికి తీసిన కత్తి దాని కొలతకుండదు. ఒరే, దాని సేతికి సరిపడా ఒకటి కొని పడీ."

ఉద్యోగం లేనివాడికి ఇంట్లో ఉద్యోగాలకి లోటుండదు. సంతనాడు గుంటని తీసుకుని వడ్డాది వెళ్ళేను.

కత్తులమ్మే ఆయన గోనెపట్టా మీద పరిచి కూర్చున్నాడు. చాకులు, కొడవళ్ళు, మాంసం కొట్టే కత్తులు. అప్పటిదాకా కత్తి అంటే నాకు కోసే వస్తువు. ఆ రోజు ఏది చేతిలోకి తీసుకున్నా దాని కింద తొమ్మిదేళ్ళ పిల్ల వేళ్ళు కనిపించేయి. మొదట చేప బొమ్మ పిడి ఉన్న మడతచాకు చూపించేడు.

"ముడిసీవొచ్చు బాబూ. భయం నేదు."

"మధ్యలో ఏటుంటే దాన్ని కూడా ముడిచేస్తాది కదా."

చిన్న కొడవలి చూపించేడు. మొన మరీ సూదిగా ఉందన్నాను. మొన మొద్దుగా ఉన్నది చూపించేడు. పిడి నున్నగా ఉంది, చెమటకి జారుతుందన్నాను. గరుకు పిడి చూపించేడు. అంచు పదునెక్కువన్నాను. అలా అరగంట. నాకే తెలుస్తోంది నేను అడుగుతున్నది తెగని కత్తి అని.

ఆయన కొడవలి కింద పెట్టేసి, "కత్తి కొనడానికొచ్చేరా, దానికి సంబంధం సూడ్డానికొచ్చేరా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేరు. ఈసారి జోకు నామీదే పడింది. నా జీవితంలో అలాంటి రోజులు తక్కువ.

ఉత్త చేతులతో వెనక్కి వస్తూ రోడ్డు పక్కన కమ్మరి కొలిమి దగ్గర ఆగేం. ముసలాయన. నాన్నకి నాగలి కర్రు కొట్టేది ఆయనే. సంగతి చెప్పేను. ఆయన నన్ను వదిలేసి గుంటకేసి తిరిగేడు.

"ఏ సెయ్యమ్మా నీది?"

గుంట వెంటనే కుడిచెయ్యి చాపింది. పాఠం అప్పచెప్పినట్టు చాపింది. ఆయన కొలిమి పక్కనున్న ఆరిన బొగ్గుముక్క ఒకటి తీసి, "ఇదిగో, పట్టు" అని దానికేసి విసిరేడు.

ఎడమచేత్తో పట్టుకుంది. పట్టుకున్నాక తెలిసినట్టుంది, గబుక్కున బొగ్గుని కుడిచేతిలోకి మార్చేసుకుంది.

"ఎడం సెయ్యి గుంట," అన్నాడు ముసలాయన నాతో, వానొస్తుందన్నట్టు. "కొడవలికి సాన ఒక పక్కే పెడతాం బాబూ. కుడిసేతికి పెట్టింది ఎడంసేత్తో లాగితే గడ్డిలోకి దిగదు, జారిపోద్ది. తిరగేసి సాన పట్టాల."

"అందుకేనా తెగింది?" అన్నాను.

ఆయన దాని చెయ్యి వెలుగులోకి లాక్కుని గాయం చూసేడు.

"కత్తి ఎడంసేతిలో ఉంటే గడ్డి కుడిసేతిలో ఉంటాది. జారితే కుడిసెయ్యి తెగాల. ఎడంసెయ్యి ఎలాగ తెగింది?"

నేను ఆలోచించని సంగతి అది. మా ఇంట్లో అందరివీ కుడిచేతులు. మాకు తెగితే ఎడమచెయ్యే తెగుతుంది. అంచేత దాని ఎడమచెయ్యి తెగడం చూసి అమ్మ, చూసేరా, కుడిచేత్తోనే కోస్తోంది అని లోపల్లోపల సంతోషపడింది కూడా.

గుంట బొగ్గుకేసి చూస్తూ చెప్పింది. "అమ్మమ్మొచ్చింది గట్టు మీదకి. సూసీసి సెయ్యి మార్సేను."

నవ్వొచ్చే చోటు కాదది. దాని మాటలోంచి కత్తిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చిన చప్పుడే వినిపించింది నాకు, ఆ చప్పుడు ఎలా ఉంటుందో తెలియకపోయినా. అమ్మ రోజూ గట్టుమీదకి వెళ్తుంది. నాన్న వెళ్తాడు. దారినపోయే పెద్దవాళ్ళు ఎందరో. ఈ పిల్ల ఎంత మంచి కత్తి పట్టుకున్నా, ఎవరో ఒక పెద్దవాళ్ళు రాగానే మర్యాద కోసం పదును మీంచి చెయ్యి మారుస్తుంది. నేను సంతలో అరగంట చూసింది కత్తుల్ని, దాని చేతిని కాదు.

"తిరగేసి చెయ్యండి," అన్నాను. "మొన గుండ్రంగా కొట్టండి."

పాత కమాను పట్టా ముక్క ఒకటి తీసేడు ఆయన. "గట్టి ఇనుం. బస్సుది."

"ఏ బస్సుది?"

"మాడుగుల బస్సుదనుకుంటాను."

"అయితే లేటుగా తెగుతుంది. మంచిదే."

ముసలాయన నవ్వలేదు. గుంట నవ్వింది. దాని పిడికిట్లో తడిమట్టి ముద్ద పెట్టి నొక్కించి, ఆ కొలతకి పిడి చేస్తానన్నాడు. ఎడమ పిడికిలి. ఆ ముద్దని అరచేతిలో పెట్టుకుని చూస్తే కోడిగుడ్డంత ఉంది. నాకు మళ్ళీ భయం మొదలైంది.

ఇంటికొచ్చేక అసలు భయం ఇంకోటి. ఎడమచేతి కొడవలి కుడిచేతిలో పనిచెయ్యదు. అంటే అది ఇంట్లోకి వచ్చిన రోజే పిల్ల ఎడమచేతి వాటం మానలేదని వీధికంతా చెప్పినట్టు. అమ్మ ఒప్పుకోకపోతే? ఒప్పుకోక, ఆ కొడవలితోనే కుడిచేత్తో కొయ్యమంటే? అమ్మ పప్పు రుబ్బుతోంది. విషయం చెప్పేను.

పొత్రం ఆగింది. "ఎడం కొడవలేటిరా. ఇంట్లోకి శని పట్టుకొస్తావా?"

"శనికి కుడిచేతి వాటమేమో, పట్టుకోలేడు."

"నీకన్నీ యెటకారాలే. నెల్లాళ్ళు కష్టపడి మాన్పించేను."

"మానలేదమ్మా. నువ్వొచ్చినప్పుడు మారుస్తోంది, అంతే. ఆ రోజు కూడా నిన్ను చూసే మార్చింది. మార్చినప్పుడే తెగింది."

జోకు లేకుండా నేనింత పొడుగు మాట మాట్లాడడం అమ్మ అంతకుముందు విని ఉండదు. పిండి చేతులు అలాగే పైకెత్తి పట్టుకుని కూర్చుంది.

"నానొస్తన్నాననా మార్సింది?" అంది.

మళ్ళీ రుబ్బడం మొదలెట్టింది. పప్పు అప్పటికే మెత్తగా నలిగిపోయి ఉంది. ఆ రోజు గారెలు బాగా గుల్లగా వచ్చేయి.

వారం తరవాత కొడవలి వచ్చింది. మా వైపు కత్తి చేతి నుంచి చేతికి ఇవ్వరు, తగువులొస్తాయని. కింద పెడితే అవతలివాళ్ళు తీసుకోవాలి. నేను తెచ్చి అరుగు మీద పెట్టేను. అమ్మ తీసి కుడిచేత్తో గాల్లో ఒక విసురు విసిరి చూసింది, నచ్చనట్టు మొహం పెట్టింది. పిడి గుంట వైపుకి తిప్పి మళ్ళీ కింద పెట్టింది. గుంట ఎడమచెయ్యి సగం చాపి, ఆగి, అమ్మమ్మ మొహంలోకి చూసింది. అమ్మ దూడకేసి చూస్తోంది. దూడలో అంత చూడ్డానికేముందో నాకిప్పటికీ తెలీదు.

మర్నాటి నుంచి నా పొద్దులన్నీ గట్టు మీదే. చెరుకు ఆకుల వెనక కొడవలి చప్పుడు కర్, కర్ మని వినిపిస్తున్నంతసేపూ బాగానే ఉండేది. చప్పుడు ఆగితే చాలు, "ఒసే, ఉన్నావా?" అని కేకేసేవాణ్ణి. "కట్ట కడతన్నాను మావయ్యా," అనేది విసుగ్గా. ఇంటికి రాగానే రెండు చేతులూ చాపమని వేళ్ళు లెక్కపెట్టేవాణ్ణి. వీధి పిల్లలు నాకు లెక్కల మాస్టారని పేరు పెట్టేరు.

మూడో రోజో నాలుగో రోజో, చప్పుడు సాగుతుండగా అమ్మ ఇంటివైపు నుంచి రావడం చూసేను. ఆపడానికి లేచేను. నేను లేచేలోపే అమ్మ గట్టుకి ఆ చివర నిలబడి, ఊరంతా వినిపించేటట్టు అరిచింది.

"నానే వస్తన్నాను, సెయ్యి మార్సకు."

కర్, కర్ మని చప్పుడు ఒక్కసారి తడబడి మళ్ళీ అందుకుంది. ఆ తరవాత అమ్మ ఎప్పుడు గట్టుకెళ్ళినా ఆ కేక వేసే వెళ్ళింది. మా పక్కతోట ఆయన అదేదో అమ్మవారికి మొక్కనుకున్నాడు.

నేను బుద్ధిమంతుణ్ణైతే కథ ఇక్కడ ఆగును. గుంట అంత సులువుగా ఎలా కోస్తోందో చూద్దామని ఒక రోజు దాని కొడవలి అడిగేను. కింద పెట్టింది. న్యాయంగా ఉండాలి కదా అని ఎడమచేత్తోనే తీసుకుని, కుడిచేత్తో గడ్డి పట్టుకుని, ఒక్క లాగు లాగేను. మాడుగుల బస్సు మొట్టమొదటిసారి టైముకొచ్చింది.

గుంట నా కుడి చూపుడువేలికి పంచె ముక్క చుట్టింది. దాని చేతులు వణకలేదు. "ఉంది కదా మావయ్యా, ఇంకేటి," అంది.

ఆ శనివారం కార్డు రాయడానికి నాకు వేలు లేదు. గుంటని రాయమన్నాను. బడిలో కుడిచేత్తో రాయిస్తారు, అది కుడిచేత్తో రాస్తే అక్షరాలు చీమలు చచ్చిపడినట్టుంటాయి. పొయ్యి దగ్గర అమ్మ వెనక్కి తిరిగి ఉంది. గుంట అమ్మ వీపుకేసి చూసింది, కలం ఎడమచేతిలోకి తీసుకుంది. ఈసారి చెయ్యి మారినందుకు ఎవరికీ ఏమీ కాలేదు.

రాసేక చూపించింది. "అమ్మా, నా వేలు తెగింది, మానిపోయింది. నా వేళ్ళు పది ఉన్నాయి. మావయ్య లెక్కపెట్టేడు. మావయ్యవి తొమ్మిదిన్నర. నేను లెక్కపెట్టేను."

ఇన్ని వారాలుగా నేను దాచుకొచ్చిందంతా మూడు లైన్లలో అక్కకి వెళ్ళిపోతోంది. కార్డు చింపేద్దామా అనుకున్నాను. రసీదు నేనే ఇస్తానన్నాను కదా.

"అర కొట్టీవే," అన్నాను. "మీ అమ్మ బెంగెట్టుకుంటాది. తొమ్మిదీ ముప్పావు అని రాయి."