కసిల్డా అత్త కృతజ్ఞత కూడిక

మా కసిల్డా అత్త దేవుడికి చెప్పుకున్నన్ని కృతజ్ఞతలు మా దీవిలో టోకో రోడ్డు పొడవునా ఇంకెవరూ చెప్పి ఉండరు. చేపల తట్ట నెత్తికెత్తుకుంటే "స్తోత్రం ప్రభువా", దించుకుంటే "స్తోత్రం ప్రభువా". ఆదివారం మా బాప్టిస్టు రేకుల గుళ్ళో సాక్ష్యానికి లేచిందంటే, తెల్ల తలగుడ్డ సర్దుకుని, వారమంతా తనకు జరిగిన మేలునంతా దేవుడికే అప్పగించేది. అందులో ఒక్క మనిషి పేరు కూడా వచ్చేది కాదు. వినీ వినీ నాకు విసుగు పుట్టింది. దేవుడికి కృతజ్ఞత చెప్పడం తేలిక. ఆయన ఎదురింట్లో కాపురం ఉండడు.

ఎదురింట్లో ఉండేది హోరేస్ మోడెస్ట్. సముద్రంలో వల లాగేవాడు, మేకలు పెంచేవాడు, క్రిస్మస్‌కి తప్ప గుడి ముఖం చూడనివాడు. ఎన్నో ఏళ్ళ కిందట, బాప్తిస్మాల ముందురోజు అత్త ఉతికి ఆరేసుకున్న తెల్ల అంగీని అతని మేక మెడ దాకా నమిలేసింది. అత్త గొడవకి వెళ్తే అతను నవ్వు ఆపుకోలేకపోయాడు. "మా మేకకి కూడా రక్షణ కావాలేమో కసిల్డా" అన్నాడట. ఆ మాటతో రెండిళ్ళ మధ్యా మాటలు ఆగిపోయాయి.

పోయిన వానాకాలం అత్త తట్టతో ఏరు దాటుతుంటే పైనుంచి ఒక్కసారిగా నీళ్ళొచ్చి ఆమెను ఈడ్చుకుపోయాయి. ఆ దరిదాపుల్లో ఉన్నది హోరేస్ ఒక్కడే. దూకాడు. ఆమెను ఒడ్డుకు లాగేలోపు కొట్టుకొచ్చిన దుంగ అతని భుజాన్ని విరగ్గొట్టింది. ఎముక అతుక్కుంది గానీ ఆ చెయ్యి ఇక వల లాగడానికి పనికిరాలేదు. ఇప్పుడతను ఇంటి మెట్టు మీద కూర్చుని, వేరేవాళ్ళు వల లాగుతుంటే చూస్తుంటాడు.

ఒడ్డున కళ్ళు తెరిచిన అత్త "స్తోత్రం యేసయ్యా" అంది. తనను మోసుకొచ్చినవాడి వైపు చూడలేదు.

"హోరేస్‌తో ఒక్క మాట అనొచ్చు కదా అత్తా" అన్నాను ఒకసారి.

"అతన్ని పంపింది దేవుడు. పంపినవాడికి చెప్పుకున్నాను."

"దుంగ తగిలింది పంపినవాడికి కాదుగా."

"పుస్తకాలు చదివి నోరు బాగా పెంచావురా. ఊళ్ళో ఇంకెవరూ దొరకనట్టు ఆ మేకలాణ్ణే పంపాడాయన. నా ముక్కు కొయ్యడానికి కాకపోతే!"

చావు తప్పించుకున్నవాళ్ళు ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టడం మా బాప్టిస్టుల పద్ధతి. అది పెట్టేదాకా అత్తకి నిద్ర పట్టేది కాదు. నీళ్ళలో ఉండగా మొక్కుకున్నానంది. సరే, ఒక శనివారం ఖాయం చేశారు. బల్ల మీద తెల్లగుడ్డ, నాలుగు మూలలా కొవ్వొత్తులు, పూలు వేసిన ఇత్తడి చెంబు, కేకులు, పళ్ళు, కొబ్బరి రొట్టె. పొయ్యి మీద డేగిసా నిండా కోడిమాంసం పెలావ్. ముందు పిల్లలు కడుపునిండా తినాలి. ఆ తర్వాతే గుడి పెద్దావిడ గంట కొడుతుంది, ప్రార్థన మొదలవుతుంది.

గుడివాళ్ళంతా వచ్చారు. పిల్లలు మాత్రం ఒక్కరూ రాలేదు.

వీధిలోని ప్రతి ఇంటికీ కబురు పంపిన అత్త, ఎదురింటికి పంపలేదు. పిల్లలంతా హోరేస్ వాకిట్లో క్రికెట్ ఆడుతున్నారు. సగం మంది అతని మనవలే, మిగతావాళ్ళు వాళ్ళ జట్టు. నేను వెళ్ళి పిలిచాను. మనవరాలు జెనీల్ బ్యాటు నేలకి ఆనించి నిలబడింది.

"మేం రాం. మా తాతని పిలవలేదు."

"పెలావ్ ఉందే."

"తెలుసు. వాసన వస్తూనే ఉంది" అన్నాడు వెనకనుంచి ఒకడు, ఏడుపు గొంతుతో. జెనీల్ వాడి కాలు తొక్కింది.

మా గుడి పెద్ద మదర్ అర్మిన్ గంట ముట్టుకోనంది. వంట మీద నుంచి చూపు తిప్పలేకపోతున్న మా గుడి సభ్యుడు గిల్బర్ట్ అన్నాడు: "చల్లారిపోతోందమ్మా, మనమే కాస్త ముందు..."

"నువ్వు పిల్లాడివా? ముందు ఆ బొజ్జ లోపలికి లాక్కో" అంది మదర్. తర్వాత అత్త వైపు తిరిగింది. "కసిల్డా, నీళ్ళలోంచి నిన్నెవరు లేపారు?"

"ప్రభువు లేపాడు."

"ఎవరి చేతుల్తో?"

అత్త ఒక కొవ్వొత్తిని సర్దబోయింది.

"అది నోటితో చెప్పలేకపోతే కొవ్వొత్తులు ఆర్పేద్దాం. బల్ల తీసేద్దాం. నీ మొక్కు అలాగే ఉండిపోతుంది."

అత్త ఒక్క క్షణం బల్లను పట్టుకుని నిలబడింది. తర్వాత తలగుడ్డ బిగించుకుని వీధి దాటింది. ఆట ఆగిపోయింది. వెనకాలే నేనూ వెళ్ళాను.

"హోరేస్" అంది.

"ఓహో, నా పేరు గుర్తుందే!"

"పిల్లల్ని పంపించు."

"నేను ఆపానా? నువ్వు పిలువు, వస్తే వస్తారు."

ఆమె వెనక్కి తిరుగుతుందనుకున్నాను. ఆమె మాత్రం అతని ఒళ్ళో పడి ఉన్న చేతినే చూస్తోంది.

"చెయ్యి ఎలా ఉంది?"

"వానొచ్చే ముందు సలుపుతుంది. రేడియో కొనక్కర్లేదు."

అత్త నవ్వలేదు. "ఆ నీళ్ళలో నేను చచ్చిపోయేదాన్ని హోరేస్. నువ్వు దూకావు. నీకు చెప్పాల్సింది దేవుడికి చెప్పేసి, పనైపోయిందనుకున్నాను. నన్ను బతికించింది నువ్వు. నీ మేలు మర్చిపోను. మా ఇంటికి భోజనానికి రా."

హోరేస్ కళ్ళు తుడుచుకుని, "తడిసిన వలకన్నా బరువున్నావు తల్లీ" అన్నాడు. "ఆ రోజు నీ అంగీ చూసి నేను నవ్వకుండా ఉండాల్సింది."

జెనీల్ బ్యాటు పారేసి పరుగెత్తింది. మిగతా పిల్లలంతా ఆమెను దాటుకుని పోయారు. డేగిసా సగం ఖాళీ అయ్యాక మదర్ గంట కొట్టింది. పిల్లల తర్వాత మొదటి పళ్ళెం అత్త హోరేస్ చేతికే ఇచ్చింది. గిల్బర్ట్ ముఖం చూడాల్సిందే.

నేనిప్పటికీ గుళ్ళో చివరి బల్ల మీదే కూర్చుంటాను, అదీ అత్త పోరు పడలేక. కానీ ఆమె సాక్ష్యానికి లేస్తే ఇప్పుడు తల ఎత్తి వింటున్నాను. స్తోత్రం దేవుడితోనే మొదలవుతుంది. ఆ తర్వాత పేర్లు వస్తాయి: ఆసుపత్రికి తీసుకెళ్ళిన వ్యాను డ్రైవరు, రాత్రంతా పక్కన కూర్చున్న నర్సు, తట్ట కొట్టుకుపోయాక కొత్తది అల్లిచ్చిన ముసలామె. ఆలస్యమైపోతోందని మదర్ గంట మోగించినా ఆగదు. పోయిన ఆదివారం మా వీధి మురుగుకాలవ తవ్వే ఎజెకియెల్ పేరు చెప్పింది. వాన తగ్గేదాకా తలదాచుకుందామని వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ ఆ మనిషి, అందరూ తనవైపు తిరగడంతో బురద చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రెండింటినీ వెనక దాచుకున్నాడు. వాన ఆగింది. అతను వెళ్ళలేదు.