మార్కండేయులు పోగొట్టాడన్న ఇటలీ ఆర్డరు

మార్కండేయులు రోముకు పోయి మతం మార్చుకుని వచ్చాడని ధర్మవరంలో కొందరంటారు. అతడు ఓడరేవునైనా చూసిన మనిషి కాదు. యుద్ధకాలంలో బెంగుళూరు దగ్గర బందీలుగా ఉన్న ఇటలీ సిపాయిలకు వంట చేసి ఆ భాష నేర్చాడని హిందూపురంలో చెబుతారు. ఆ సిపాయిలు తిరిగి వెళ్ళేనాటికి అతనికి పదేళ్ళు నిండలేదు; పొయ్యి ముట్టించడం ఈనాటికీ రాదు. ఇవి కాలక్షేపానికి పనికివచ్చే మాటలు కనుక వదిలేయవచ్చు. మూడో మాట అటువంటిది కాదు. పంతొమ్మిది వందల యాభై తొమ్మిదిలో ధర్మవరం పట్టుకు వచ్చిన ఇటలీ ఆర్డరును ఇతడే ఈర్ష్యతో చెడగొట్టాడన్నది ఆ మాట. ఇది ఒక మనిషి మీద నింద, నిదానంగా విచారించవలసిందే.

అతనిది నేతవారి ఇల్లు. బి.ఏ. అయ్యాక ఉత్తరాదిన ఒక విశ్వవిద్యాలయంలో ఇటాలియన్ భాషా సంస్కృతుల ఎం.ఏ.లో చేరాడు. మొదటి ఏడాది ఖర్చు మేనమామ పెట్టుకున్నాడు. వేసవి సెలవులకు ఇంటికి రాగానే తండ్రి రామాంజనేయులు మగ్గం గుంతలోంచి తలెత్తి అడిగాడు.

“ఏమప్పా, తెలుగును తూర్పుదేశపు ఇటాలియన్ అంటారంటనే?”

“అంటారు నాయనా.”

“అంటే ఇటాలియన్ పడమటి తెలుగన్నమాట. పుట్టినకాడి నుంచి మాట్లాడతాండేదానికి మళ్ళీ ఎం.ఏ. యాలప్పా?”

కండెలు చుడుతున్న అవ్వ కుళ్ళాయమ్మ అందుకుంది. “అట్లయితే నేనూ ఎం.ఏ.నే గదరా! నాకెవురూ పట్టా ఇయ్యలేదే!”

ఆ రెండు భాషలకూ చుట్టరికం లేదని అతడు చెప్పి చూశాడు. కానీ నేతగాళ్ళ సంఘం అధ్యక్షుడు హనుమంతరాయుడు ఇరవై ఏళ్ళుగా ప్రతి సభలోనూ ఆ మాటే చెప్పి ఊరిని ఒప్పించి ఉన్నాడు. అంతలో ఇటలీ నుంచి పట్టు వర్తకుడొకడు హిందూపురం మీదుగా వస్తున్నాడని తెలిసింది. తండ్రి తేల్చి చెప్పాడు. “ఆ దొరతో మాట్లాడి ఆర్డరు ఇప్పియ్యి, రెండో ఏడు నేను చదివిస్తా. లేదంటే గుంతలోకి దిగు.”

దొరను తెచ్చే పని జీపు డ్రైవరు తిమ్మప్పకు పడింది. “హిందూపురంలో రైలు దిగిన తెల్లోడు ఒక్కడే. ఆయన్నే ఎక్కించుకున్నా” అని తరువాత అతడే ఒప్పుకున్నాడు. పెనుకొండ దగ్గర దొర కొండను చూసి జీపులోనే లేచి నిలబడి చేతులు చాచి కేకలు పెట్టాడు. భక్తి కాబోలని తిమ్మప్ప తానూ కొండకు దండం పెట్టి, ఆగకుండా తోలుకొచ్చాడు.

ధర్మవరంలో సంఘం వేయించిన పందిట్లో దొర మెడలో పూలదండ వేసి, ముందు జరీ చీర పరిచారు. మార్కండేయులు ముందుకు రాబోతే హనుమంతరాయుడు చెయ్యి అడ్డం పెట్టాడు.

“మనకు దుబాసీ ఎందుకబ్బా? గ్రాంథికంలో మాట్లాడితే ఆయనకు తెలస్తాది. మన వాడుక మాటలైతే మోటుగా ఉంటాయి.” ఆపైన గొంతు సవరించుకున్నాడు. “ఓ మహానుభావా! మా కౌశేయ వస్త్రముల సౌందర్యమును గాంచుడు!”

ఉపన్యాసం అరగంట సాగింది. దొర మర్యాదకు నవ్వాడు.

“చూసినారా, నవ్వినాడు!”

తరువాత దొర లేచి, రెండు చేతులూ తిప్పుతూ ఏదో చెప్పాడు. హనుమంతరాయుడు తడుముకోకుండా తర్జుమా చేశాడు. “మన మగ్గాలన్నీ ఏడాది పొడుగూ ఆయనకే నెయ్యల్లంట!”

చప్పట్లు మోగాయి. సగం నేసిన పెళ్ళిచీరను మగ్గం మీదే కోసేసి, దొర కోసం కొత్త పడుగు ఎక్కించమని రామాంజనేయులు ఇంటికి మనిషిని పంపబోయాడు. నేత సగంలో కొయ్యడం వాళ్ళ ఇంట్లో ఏ తరంలోనూ జరగలేదు. మార్కండేయులుకు దొర మాటలు పూర్తిగా అర్థమయ్యాయి. నోరు మెదపకపోతే రెండో ఏడాది చదువు అతనిదే.

“నాయనా, కొయ్యద్దు!” అని అరిచాడు. “ఆయన రాళ్ళ వ్యాపారి! పెనుకొండ కొండ చూడను వచ్చినాడు. నన్నెందుకు ఈడికి తెచ్చినారని అడుగుతాండాడు!”

హనుమంతరాయుడు జాలిపడ్డాడు. “పాపం, వీడు చదివింది ఒక ఏడే. చీరల పాఠం రెండో ఏట్లో ఉండాదేమో!”

పందిరంతా నవ్వింది. మార్కండేయులు దొరవైపు తిరిగి ఇటాలియన్‌లో రెండు మాటలు అడిగాడు. దొర అతన్ని కావిలించుకుని, తోలుసంచి విప్పి, గులాబిరంగువీ నల్లవీ రాతిముక్కలు ఒక్కొక్కటే తీసి జరీ చీర మీద పేర్చాడు. నవ్వులు ఆగాయి.

“మర్యాద తెలిసిన మనిషి” అన్నాడు హనుమంతరాయుడు. “బయానా ఇస్తాండాడు.”

సగం మంది మళ్ళీ చప్పట్లు కొట్టారు. రామాంజనేయులు కొట్టలేదు. ఒక రాతిముక్క తీసుకుని, బరువు చూసి, పంపబోయిన మనిషిని ఆపేశాడు. ఇంటిదారి పట్టాక కొడుకుతో అన్నాడు.

“రాయుడప్ప చెప్పిందీ నిజమేలేప్పా. నీది సగం చదువు. సగం చదివినోని మాట ఎవురూ నమ్మరు. పోయి మిగతా సగం చదువుకోని రా.”

“ఆయన రాళ్ళోడని నువ్వు నమ్మినావా నాయనా?”

“రాయి నా చేతిలోనే ఉండాది గదప్పా.”

అసలు పట్టు వర్తకుడు ప్రయాణం మానుకున్నాడని వారం తిరగకుండానే తెలిసింది. అయినా హనుమంతరాయుడు తన తర్జుమా తప్పని ఒప్పుకోలేదు. నింద అక్కడినుంచి పుట్టింది. మార్కండేయులు రెండో తరగతిలో ఎం.ఏ. అయి, పెనుకొండలో ఒక హైస్కూలులో ఇంగ్లీషు చెప్పుకుని బతికాడు. అతడు నేర్చిన ఇటాలియన్ భాషతో మళ్ళీ ఎవరికీ పని పడలేదు.

సాక్ష్యాలు ఇంతే. అతడు ఆర్డరు పోగొట్టలేదు; ఆర్డరే లేదు. పరాయి మనిషి చెప్పినదాన్ని చెప్పినట్టు చెప్పాడు. ఒక చీర కోత తప్పించాడు. ఆనాటి సాయంత్రమే జీపులో తిమ్మప్ప పక్కన తానూ కూర్చుని, ఆ మనిషిని పెనుకొండలో కొండ దగ్గర దింపి వచ్చాడు.