వియ్యంకుడి పేరు ముందు కీ.శే.

ఆబిడ్స్‌లో ఒక మేడమీది డీటీపీ సెంటర్లో నేను 'సిస్టమ్స్ ఇన్‌చార్జి'ని. సిస్టమ్స్ అంటే రెండు కంప్యూటర్లు. ఇన్‌చార్జి అంటే వాటి దుమ్ము తుడిచి, అవి మొరాయించినప్పుడు తిట్లు తినేవాడు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో కనుక ఆ హోదాకు మా ఇంట్లో మాత్రం మంచి గౌరవం ఉండేది.

లోపలి గదిలో ఒక అక్క పెళ్ళికార్డులు కంపోజ్ చేసేది. సీసపు అక్షరాలు చేత్తో పేర్చే కాలం నుంచీ ఆమెది అదే పని. ఆమె కంప్యూటర్లోని ఒక ఫోల్డరును కౌంటరు కంప్యూటరుకు షేర్ చేశాం. ఆమె లోపల ఫైలు సేవ్ చేస్తే, మా యజమాని బయట అదే ఫైలు తెరిచి గిరాకీకి చూపించాలి.

ఒకరోజు పొద్దున్నే మెదక్ నుంచి ఒక రిటైర్డ్ మిషన్ స్కూలు టీచరు కూతురి పెళ్ళికార్డు చూసుకోవడానికి వచ్చారు. తెర వైపు వంగి, అదిరిపడ్డారు. వరుడి తండ్రి పేరు ముందు 'కీ.శే.' ఉంది.

"ఏంది సార్ ఇది? మా వియ్యంకుడు నిన్ననే మా ఇంట్ల చాయ్ తాగి పోయిండు!"

యజమాని లోపలికి కేకేశాడు. పాత కార్డు మీద కొత్తది కంపోజ్ చేయడంలో ఆ అక్షరాలు మిగిలిపోయాయని అక్క ఒప్పుకుంది. తీసేసి, సేవ్ చేసింది. యజమాని ఫైలు మళ్ళీ తెరిచాడు. పెద్దమనిషి ఇంకా బతకలేదు.

"నాంపల్లిల పాస్టరు గార్ని కలిసొస్త. గంతల చెయ్యున్రి," అని టీచరు వెళ్ళారు.

తిరిగొచ్చేసరికి అక్క మరో రెండుసార్లు సేవ్ చేసింది. కౌంటరు మీద కీ.శే. చెక్కుచెదరలేదు. టీచరు ముఖం మాడిపోయింది. "ఇంత పెద్ద షాపుల రెండక్షరాలు తియ్యనీకి చేతకాదా?" అన్నారు.

"సేవ్ చేసుడు గూడ రాదా అమ్మా నీకు?" అని యజమాని ఆయన ఎదుటే అక్కను కేకలేశాడు. వైరసేమోనని నా వైపు తిరిగాడు. నేను నిపుణుడిని గదా, గంభీరంగా లోపలికి వెళ్ళి, "అక్కా, నా ముందర ఒక్కసారి సేవ్ చెయ్యి," అన్నాను. చిన్నపిల్లకు ఓనమాలు దిద్దించినట్టు. ఆమె మళ్ళీ సేవ్ చేసింది. ఆమె తెర మీద వియ్యంకుడు నిక్షేపంగా ఉన్నాడు.

అప్పుడు కౌంటరు బల్ల కిందికి దూరాను. యజమాని కాలు తగిలి నెట్‌వర్క్ వైరు ఊడి ఉంది. మరి వైరు లేకుండా ఫైలు ఎలా తెరుచుకుంటోంది? వారం కిందట అదే వైరు ఊడి ఫైళ్ళు అందక యజమాని అరిస్తే, ఇక ఆ బాధ లేకుండా ఫోల్డరు నకలు కౌంటరు కంప్యూటర్లోనే దాచుకునేలా ఒక మహానుభావుడు టిక్కు పెట్టాడు. వైరు ఊడినప్పుడల్లా అది ఆ పాత నకలే చూపిస్తోంది. నెట్‌వర్క్ లేదని తెర మూల గడియారం పక్కన వచ్చే సందేశాన్ని యజమాని ఈగను తోలినట్టు తోలేస్తున్నాడు.

ఆ మహానుభావుడిని నేనే.

వైరు బిగించి, టిక్కు తీసి, ఫైలు తెరిచాను. కీ.శే. పోయింది. టీచరు ఊపిరి పీల్చుకుని సంతకం పెట్టారు. ఆయన మెట్లు దిగాక, తప్పు నాదని యజమానికి, అక్కకు చెప్పాను.

"సర్లే, గిరాకోళ్ళు అడిగితె సర్వర్ ప్రాబ్లం అని చెప్పు," అన్నాడు యజమాని. మా దగ్గర సర్వరు లేదు.

అక్క నా వైపు తిరిగి, "మూడుసార్లు చెప్పిన గద తీసేసిన అని. నా మాట నమ్మనీకి నువ్వు బల్ల కిందికి దూరాల్నా?" అంది.

 

మర్నాటి నుంచి అక్క, దిద్దిన ప్రతి కార్డునూ కాగితం మీద ప్రింటు తీసి, తానే కౌంటరు దగ్గరికి తెచ్చి గిరాకీ చేతిలో పెట్టడం మొదలుపెట్టింది. యజమాని కాగితం ఖర్చని కాసేపు సణిగి ఊరుకున్నాడు. తెర మీద ఎవరూ ఏమీ చూడని ఆ షేర్డ్ ఫోల్డరుకు ఇన్‌చార్జిగా నేను మరో ఏడాది కొనసాగాను.