కొత్త డాక్ ఎవరి గదికి?

ఉదయగిరిలో సుధారాణి కుట్టిన జాకెట్టు వేసుకోని పెళ్లికూతురు లేదంటే కొంత అతిశయోక్తి కావచ్చు. పాట వినకుండా ఆమె కుట్టిన జాకెట్టు మాత్రం ఒక్కటీ లేదు. పల్లవితో చెయ్యి కుట్టడం మొదలుపెడితే ఆఖరి చరణానికి అంచు మడత పూర్తయ్యేది.

ఆమె భర్త పెంచలప్రసాద్‌ది మైకుసెట్ల వ్యాపారం. జాతరలకూ పెళ్లిళ్లకూ పంపే సెట్లు వేరు, ఇంటి హాల్లో తన కోసం అమర్చుకున్న సెట్టు వేరు. నడుమెత్తు స్పీకర్లు, బరువైన ఆంప్లిఫయరు, వాటి మధ్య అరచేతిలో పట్టే నల్లపెట్టె ఒకటి. ఫోన్‌లో అంకెలుగా దాగి ఉన్న పాటను స్పీకర్లు పలకగలిగే కరెంటుగా మార్చేది ఆ పెట్టే. దాన్ని డాక్ అంటారు.

సుధారాణి కుట్టుగదికి చేరినవన్నీ హాల్లో పదవీ విరమణ పొందినవే. ఫ్యానూ అంతే, స్పీకర్లూ అంతే, ఆంప్లిఫయరూ అంతే. డాక్ మాత్రం రాలేదు. ఫోన్‌ను పిన్నుతోనే కలుపుకునేది. ఆ పిన్ను పట్టే రంధ్రం వదులై, మోటారు మిషను అదిరినప్పుడల్లా పాట తెగిపోసాగింది. తెగినా మరోచోట తెగదు, సరిగ్గా చరణం ఎత్తుకునే చోటే తెగుతుంది. డాక్ అయితే ఆ రంధ్రంతో పని లేదు, చార్జింగు వైరు పెట్టేచోటే ఫోన్‌కు కలుస్తుంది. ఇంటికి రెండో డాక్ కావాలన్న మాట అలా పుట్టింది.

మాట పుట్టించింది ఆమె. దాన్ని ఎత్తుకుని పరుగెత్తింది ఆయన. భోజనం దగ్గర కూడా ఫోన్‌లో వీడియోలు చూసి, ఎవరూ అడగకుండానే తీర్పు చెప్పేశాడు. ఖరీదైన కొత్తది హాల్లోకి, హాల్లోని పాతది కుట్టుగదిలోకి. సుధారాణి ఆ తీర్పును అంగీకరించలేదు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టిన డబ్బుతో కొంటున్నది తను. కనుక ఎంచుకునే హక్కు తనది. చవకదైనా సరే, తన చెవికి నచ్చాలి, తన గదికే రావాలి. ఇన్నేళ్ల కాపురంలో సీలు విప్పని పెట్టె ఒక్కటైనా ఆమె గది గడప దాటి లోపలికి రాలేదు. ఈసారి రావాలి.

ఆత్మకూరులో స్పీకర్లు, ఆంప్లిఫయర్లు అమ్మే ప్రవీణ్‌కుమార్, పోల్చి చూసేందుకు పాత డాక్ కూడా తెమ్మన్నాడు. లైనింగు గుడ్డలో చుట్టిన ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకుని సుధారాణి బస్సులో భర్త పక్కన, కిటికీ దగ్గర కూర్చుంది. వెనుక కోట కొండ ఎప్పుడు కనుమరుగైందో ఆమె గమనించలేదు. మనసు బస్సుకంటే ముందే ఆత్మకూరులో దిగిపోయింది.

ప్రవీణ్‌కుమార్ రెండు కొత్త డాక్‌లు బల్లమీద పెట్టాడు. ఒకటి చవకది, రెండోదాని ధర దానికి మూడింతలు. ముందు చవకది వినిపించి, తర్వాత ఖరీదైనది పెట్టాడు. పెంచలప్రసాద్ ముఖం వెలిగిపోయింది.

“చూసినావా, పాట ఎట్ట ఎగిరి దూకతా ఉండాదో. ఇంక మాటల్లేవు, ఇదే.”

ఒక్క క్షణం సుధారాణికీ అలాగే అనిపించింది. వెంటనే అనుమానం వచ్చింది.

“పాట బాగుండాదా, సౌండు ఎక్కువుండాదా? దారం రంగు కలపాలంటే గుడ్డనీ దారాన్నీ ఒకే ఎండలో పెట్టి చూస్తాం. ఒకదాన్ని నీడలో, ఒకదాన్ని ఎండలో పెడితే ఏం తెలస్తాది తమ్ముడా?”

ప్రవీణ్‌కుమార్ నవ్వి, ఆ మాట ఎవరైనా అడిగితే బాగుండునని రోజూ అనుకుంటానన్నాడు. మీటరు పెట్టి పాత డాక్‌తో కలిపి మూడింటి సౌండునూ సమానం చేశాడు. పైన తువ్వాలు కప్పి, ఏది పలుకుతున్నదో చెప్పకుండా ఒకే పాటను మార్చి మార్చి వినిపించాడు.

సుధారాణి కళ్లు మూసుకుంది. చరణానికి ముందు గాయని తీసుకునే ఊపిరి కోసం చెవి ఒగ్గింది. మొదటిసారి వినిపించింది. రెండోసారీ, మూడోసారీ అంతే స్పష్టంగా వినిపించింది. ఎంత వెదికినా ఆమెకు తేడా దొరకలేదు. చవకది దేనికీ తీసిపోలేదు!

పెంచలప్రసాద్ మాత్రం మూడోదాని దగ్గర తొడ చరిచాడు. ఇదే ఖరీదైనది, తన చెవి మోసపోదన్నాడు.

ప్రవీణ్‌కుమార్ తువ్వాలు తీశాడు. పలుకుతున్నది ఆయన హాల్లోని పాతదే.

ముందుగా నవ్వింది పెంచలప్రసాదే. అయితే నవ్వు ఆగకముందే లౌక్యం మేలుకుంది.

“సరే, మూడూ ఒకటే. చవకదే కొందాం. కొత్తది హాల్లో పెడతాను, పాతది నువ్వు తీసుకో.”

“మూడూ ఒకటేనని నువ్వే అంటివి గదా,” అంది సుధారాణి. “ఒకటే అయినప్పుడు కొత్తది నా గదిలో ఉంటే నీకొచ్చిన నష్టమేందయ్యా?”

ప్రవీణ్‌కుమార్ నవ్వు దాచుకోవడానికి గోడవైపు తిరిగి వైర్లు సర్దడం మొదలుపెట్టాడు. పెంచలప్రసాద్ పాత పెట్టెను తీసుకుని మళ్లీ లైనింగు గుడ్డలో చుట్టాడు.

“చవకది ప్యాక్ చెయ్యరా,” అన్నాడు చివరికి. “అక్క చేతికియ్యి.”

ఇంటికి రాగానే ఆమె కాళ్లయినా కడుక్కోకుండా కత్తెర తీసుకుని సీలు కోసింది. డాక్‌ను మిషను పక్కన, చెయ్యి చాస్తే అందేచోట అమర్చింది. మోటారు తిరిగింది, బల్ల అదిరింది, పాట తెగలేదు. చరణం ఎత్తుకునే చోట గాయని ఊపిరి తీసుకుంటే ఆమె కూడా తెలియకుండానే తీసుకుంది.

హాల్లో అప్పటిదాకా మోగుతున్న సెట్టు ఆగింది. కాసేపటికి గోడ అవతలినుంచి పెంచలప్రసాద్ గొంతు వచ్చింది.

“ఏమ్మే, కొంచెం సౌండు పెంచు, ఈడికి వినపడటంలా.”

సుధారాణి కొత్త పెట్టెకున్న సౌండు మీటమీద వేలు పెట్టింది. తిప్పలేదు.

“ఈ చెయ్యి కుట్టడం అయినాక ఆలోచిస్తాలే. అంత తొందరైతే నువ్వే ఇక్కడికి రా.”