మా బావ చేనుకి పెంచిన గడువు

మా అక్క మొగుడు, మా బావ, వైశాఖంలో పోయాడు. నాకు అక్షరాలు అంతంతమాత్రం. అయినా ఇది ఇంకొకడి చేత రాయించను.

కాలవ తవ్వినప్పుడు ఆయన చేను మొత్తం అందులో పోయింది. బదులు చేను ఇస్తామంది సర్కారు. అర్జీలు తేల్చడానికి రాజమంద్రంలో ఓ దొరని పెట్టి, ఏడాది గడువిచ్చింది. ఏడాది తిరిగేసరికి దొర మారేవాడు, గడువు పెరిగేది. పెరిగినప్పుడల్లా మాకు సమ్మతేనని కాగితం మీద గుర్తు పెట్టాలి. పెట్టనివాడి అర్జీ కొట్టేస్తారు. సంతకం రాని రైతుకి నాగలి బొమ్మే సంతకం.

మొదటిసారి ఆయన కలం కింద పడేశాడు. "చేను లాక్కుని నాగలి గియ్యమంటాడేంట్రా వీడు?" అన్నాడు, కచేరీ గుమాస్తాకి వినబడేలాగే.

"గియ్యి బావా, ఏడాదేగా" అన్నాను.

"నీదేం పోయిందిరా, నీ చేను నీకుంది."

గీశాడు. నా మాట మీదే గీశాడు. ఊళ్లో అందరి చేతా గీయించిందీ నేనే, పెద్దమనిషిని కదా! ఒక్క ఏడైనా గియ్యొద్దని నేననలేదు.

పరాయి చేలు దున్ని, కూలి కింద విత్తనపు వడ్లు అడిగేవాడు. కుండలో పోసి మూత పెట్టేవాడు. "రేపు చేనిస్తే చల్లడానికి గింజ ఉండొద్దూ?" అనేవాడు. నాట్లు అయిపోయాక మా అక్క ఆ కుండ దించి, "ఈ ఏడు కూడా దంచేదా?" అనేది. దంచిన బియ్యమే వండి పెడితే తినేవాడు.

"గడువు వాళ్లది, ఆయువు నాది" అన్నాడోసారి. నేను నవ్వాను.

వడదెబ్బకి పరాయి చేలోనే కూలిపోయాడు. పదకొండో రోజున బంట్రోతు వచ్చాడు. గడువు మళ్లీ పెంచారట, గుర్తు పెట్టాలట.

"పెంచుకోమను నాయనా. ఆయనకిప్పుడు తొందరేం లేదు" అంది మా అక్క.

అస్థికలు గోదావరిలో కలిపాం. చితి బూడిద మాత్రం అక్క ఇవ్వనంది. వేసవికి కాలవకి నీళ్లు కట్టేశారు, అడుగు నెర్రెలిచ్చి ఉంది. చేను ఉన్నచోటికి తనే దిగి, చేత్తో చల్లింది. "నీళ్లొచ్చేదాకైనా ఆయన చేలో ఆయన్ని ఉండనీరా" అంది.

నీళ్లు వదిలే రోజుకి మాత్రం సర్కారు ఒక్కపూటైనా గడువు పెంచలేదు. ఇద్దరం గట్టు మీద నిలబడ్డాం. నీళ్లు నెర్రెల్లోకి గుటకలేస్తూ దిగాయి. బూడిద పైకి తేలింది. చేను పొడుగునా మెల్లగా సాగి, చేను దాటి పోయింది.