సీరియల్లో పిల్లకు పడాల్సిన తిట్లు

ప్రొద్దుటూరులో మాకు బట్టల అంగడి. నేను డిగ్రీ చదివే రోజుల్లో మా నాన్న సాయంత్రం అంగడి గుమాస్తాకు అప్పజెప్పి, ఒక సీరియల్ కోసం ఇంటికొచ్చేవాడు. అందులో కథానాయిక ఒట్టి అమాయకురాలు. ఆమె చిన్నప్పటి స్నేహితురాలు నగలు కాజేసింది, మొగుడితో తగువులు పెట్టింది, అత్తకు లేనిపోనివి నూరిపోసింది. ఇంత జరిగినా ఆ పిల్ల "అది నా ప్రాణం" అంటూ దాని వెంటే పోయేది.

ఆ పిల్లంటే నాకు ఒళ్లుమంట. సీరియల్ చూసేవాళ్లందరికీ ఉండే మంట కాదది. ఆమె తప్పు చేసిన ప్రతిసారీ తిట్లు మా అమ్మకు పడేవి.

అమ్మది జమ్మలమడుగు. అక్కడ ఆమెతో కలిసి బడికి పోయిన ఒకామెను పులివెందులకు ఇచ్చారు. మొగుడు తాగి కొడుతుంటే ఓర్చుకోలేక విడిపోయి, అదే ఊళ్లో జాకెట్లు కుట్టుకుంటూ బతికేది. అమ్మకున్న స్నేహితురాలు ఆమె ఒక్కతే. నాన్న లెక్కలో మొగుణ్ణి వదిలేసిన ఆడది పక్కవాళ్ల కాపురం కూడా కూల్చి తీరుతుంది.

"చూడు, అచ్చం నువ్వే," అనేవాడు టీవీ వైపు చెయ్యి చూపిస్తూ. "ఇంత తెలివితక్కువది ఇంకోటి యాడన్నా ఉంటాదా అనుకుంటి. మన వంటింట్లోనే ఉంది."

నాయనమ్మ నవ్వేది. అమ్మ పెనం మీద రొట్టె తిప్పుతూ ఉండేది. ఈ పూటన్నా దాని మాట వినద్దే, దాని వెంట పోవద్దే అని నేను లోపల్లోపల ఆ పిల్లను బతిమాలుకునేదాన్ని. పోయేది. నవ్వుకుంటూ పోయేది. ఆ నవ్వు మొహం మీద ఒక్కటి పీకాలనిపించేది.

ఒకరోజు లైనింగ్ గుడ్డ కొనడానికి ప్రొద్దుటూరు వచ్చిన ఆ పులివెందుల స్నేహితురాలు, అమ్మను చూసిపోదామని మా ఇంటికొచ్చింది. అమ్మ అంత గట్టిగా నవ్వడం నేను అప్పుడే విన్నాను. ఆమెకు కాఫీ ఇచ్చి పక్కన కూర్చుందో లేదో, నాన్న వచ్చి టీవీ పెట్టాడు.

"కూచోమ్మా, పోదువులే. నీ కథే వస్తాంది."

"నా కథేంది అన్నా?"

"చూడు, నీకే తెలుస్తాది."

ఆ పూట సీరియల్లో స్నేహితురాలు కథానాయిక తాగే పాలల్లో ఏదో కలిపింది. నాన్న ఆపకుండా చెప్తూనే ఉన్నాడు. "ఇట్టాంటోళ్ల దగ్గర మొగుడు నిలవడు. తమకు లేని సంసారం ఇంకొకరికుంటే ఓర్చలేరు. ఏమ్మా, కరెక్టేనా?"

ఆమె ప్రకటనలు వచ్చేదాకా కదలకుండా కూర్చుంది. తర్వాత తాగని కాఫీ గ్లాసు కింద పెట్టి లేచింది. "వస్తా మే," అంది అమ్మతో. అమ్మ వాకిలి దాకా పోబోయింది.

"యాడికి? నాకు బువ్వ పెట్టు," అన్నాడు నాన్న.

అమ్మ వెనక్కి తిరిగి కంచం తెచ్చింది.

ఆ తర్వాత ఆమె ఫోన్ చేస్తే అమ్మ ఎత్తలేదు. కొన్నాళ్లకు ఫోన్లు కూడా ఆగిపోయాయి.

చివరికి సీరియల్లో ఆ పిల్లకు బుద్ధి వచ్చింది. స్నేహితురాలి చెంప పగలగొట్టి, మెడపట్టి బయటికి గెంటింది. నాన్న చప్పట్లు కొట్టి అమ్మను వంటింట్లోంచి పిలిచాడు. అమ్మ తడి చేతులతో నిలబడి అంతా చూసింది.

"ఇంగ ఆ పిల్లకు ఎవరున్నారు?" అంది.

"మొగుడున్నాడు గదా!"

అమ్మ లోపలికి పోయింది. ఇన్నాళ్లూ నేను ఎదురుచూసింది ఆ చెంపదెబ్బ కోసమే. తీరా చూశాక ఆ పిల్ల మీద ముందుకంటే ఎక్కువ అసహ్యం పుట్టింది.

మరుసటేడు నా పెళ్లి కుదిరింది. శుభలేఖల మీద పేర్లు రాస్తూ నాన్న, "నీ స్నేహితురాలికి ఒకటి పంపుకో. నేనేమన్నా వద్దంటినా?" అన్నాడు.

"నాకు స్నేహితురాలు యాడుంది?" అంది అమ్మ, కవర్లు అంటిస్తూ. ఆ గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు.

నాన్న నా వైపు తిరిగి, "చూసినావా," అన్నాడు. ఆయన మొహంలో శానా సంతోషం.