హసన్ భాయ్ కుడి పక్కన

హసన్ భాయ్ ఇక లేరన్న వార్త అబూ హమూర్ సైట్‌లో మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నప్పుడు ఫోన్‌లో విన్నాను. మేం కలిసి పనిచేసిన మదీనత్ అల్ షమాల్ సైట్‌లో, వెనక్కి వస్తున్న నీళ్ల ట్యాంకర్ తగిలి ఆ ఈజిప్టు సహృదయుడు అస్తమించారు.

కరీంనగర్, నిజామాబాద్‌ల నుంచి ఈ ఎడారి దేశానికి వచ్చిన మాకు క్రేన్ పని నేర్పిన గురువు ఆయన. భాష కలవనిచోట చేతి సైగలతోనే పాఠం చెప్పారు. సైగ తప్పితే "హిమార్!" అని గాడిదను చేసి తిట్టి, మరుక్షణమే తన రొట్టె తుంచి పెట్టేవారు. "కాన్ మాఫీ, ఆంఖ్ దేఖో" అనేవారు. చెవిని వదిలేసి కంటిని నమ్ముకోమని. అదేదో వేదాంతమనుకుని నవ్వుకునేవాళ్లం.

అది ఆయన వైకల్యమని తర్వాత నాకొక్కడికే చెప్పారు. వడ్రంగం నేర్చుకునే వయసులో నిర్బంధ సైనిక సేవకు పట్టుకుపోయి ఫిరంగుల దగ్గర నిలబెట్టారట. తిరిగొచ్చేసరికి కుడి చెవి పూర్తిగా, ఎడమది సగం పోయాయి. చెవిటివాడికి రంపం పనేమిటని పాత మేస్త్రీ గడప తొక్కనివ్వలేదు. "పోనంటే జైలన్నారు, పోయొస్తే పనికిరావన్నారు" అని ఆయన నవ్వితే నాకు ఏడుపొచ్చేది. యాభై దాటినా దగ్గర్లో టపాసు పేలితే నేలకు వంగిపోయేవారు.

అప్పటినుంచి ఆయన కుడి పక్కన నిలబడి, ఏ బండి వచ్చినా భుజం తట్టడం నా పని. క్యాంప్‌కొచ్చే డాక్టర్ వెనక నుంచి పిలిచి వినికిడి పరీక్షించేవాడు. ఎదురు వరుసలో నేను వేలెత్తగానే హసన్ భాయ్ తిరిగేవారు. ఆ దొంగతనానికి నేనిప్పటికీ సిగ్గుపడను.

పోయిన నెల కంపెనీ నన్ను అబూ హమూర్‌కు మార్చింది. "కిసీకో మత్ బోలో, ఎవరికీ చెప్పకు. తెలిస్తే ఇంటికి పంపేస్తారు, బిడ్డ చదువు సగంలో ఉంది" అని ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. మాటిచ్చాను. నా స్థానంలో వచ్చిన గంగాధర్‌కు ఆయన చాయ్‌లో ఎంత చక్కెర వేయాలో కూడా చెప్పాను. ఎటు పక్కన నిలబడాలో మాత్రం చెప్పలేదు.

అంత్యక్రియల జనాజా నమాజు అయ్యాక గంగాధర్ నా దగ్గరికొచ్చాడు. "అన్నా, ట్యాంకరొస్తుందని గొంతు పోయేదాక ఒర్రిన. ఆయన తిరుగలే, అప్పుడు సమజైంది నాకు. చెవులు వినవడయని నాకొక్క మాట చెప్తే ఏం పోవునే?"

ఇచ్చిన మాటను నిలబెట్టుకున్నాను, మనిషిని నిలబెట్టుకోలేకపోయాను. గురువర్యా, ఎత్తమనడానికి, దించమనడానికి, ఆపమనడానికి నాకు సైగలు నేర్పారు. క్షమించమనడానికి ఏదీ నేర్పకుండానే వెళ్లిపోయారు.